అంచు కింద గోడ

తెలుగులో ‘అంచు’ అనే మాటకి రెండు ముఖాలు. చీర అంచు అంటే అందం. కొండ అంచు, కత్తి అంచు అంటే జాగ్రత్త. ఒకచోట చూపు నిలబడుతుంది, ఇంకోచోట కాలు ఆగుతుంది. ఈ రెండూ ఒకే మాటలో ఎలా ఇమిడాయా అని ఆలోచిస్తే నాకు తోచే జవాబు ఒకటే. ఏ వస్తువైనా ముందు పాడయ్యేది అంచు దగ్గరే. చీర నేలని రాసుకునేది అక్కడ. పుస్తకం నలిగేది అక్కడ. గోడా అంతే. నేలతో కలిసేచోట చెమ్మ పీలుస్తుంది, కప్పుతో కలిసేచోట బీట తీస్తుంది. మనుషులు తమ అలంకారాన్ని పట్టుకెళ్ళి సరిగ్గా ఆ బలహీనమైన చోటే పెట్టారు. కాపాడటానికా, కప్పెట్టడానికా?

ఈ ప్రశ్న నాకు పెద్ద పెద్ద కట్టడాల దగ్గర రాలేదు. వాల్‌పేపర్ బోర్డర్ దగ్గర వచ్చింది. మీరూ చూసే ఉంటారు. నాలుగైదు అంగుళాల వెడల్పు, వెనకాల జిగురు, పైన పువ్వులో తీగలో అచ్చు వేసిన ప్లాస్టిక్ పట్టీ. చుట్టగా వస్తుంది. నడుం ఎత్తులోనో, కప్పు కిందనో గది చుట్టూ తిప్పి అంటిస్తారు. ఫోన్లో ఆర్డర్ పెడితే రెండు మూడు రోజుల్లో గుమ్మంలో ఉంటుంది. పెయింటర్ అక్కర్లేదు, నిచ్చెన అక్కర్లేదు, డైనింగ్ టేబుల్ కుర్చీ చాలు. మా రాజమండ్రిలో (2015 నుంచి రికార్డుల్లో రాజమహేంద్రవరం, నోట్లో మాత్రం ఇంకా రాజమండ్రే) అద్దె ఇళ్ళు చూడ్డానికి వెళ్తే ఈమధ్య రెండిళ్ళకొకటి ఈ పట్టీతో ఎదురవుతోంది.

దీని పుట్టుక తెలుసుకుంటే ప్రశ్న ఇంకాస్త పదునెక్కుతుంది. పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్ ధనవంతుల ఇళ్ళలో గోడలకి గుడ్డో కాగితమో వేసి, చుట్టూ చిన్న మేకులు కొట్టేవాళ్ళు. ఆ మేకుల తలలూ, కాగితం కోసిన వంకర అంచులూ కనబడకుండా పైన ఒక సన్నటి పట్టీ అంటించేవాళ్ళు. అదే బోర్డర్. అంటే పుట్టడమే దాచడానికి పుట్టింది.

దీని పక్కన మన చీర అంచు పెట్టి చూడండి. కుప్పడం అని ఒక నేత పద్ధతి ఉంది. అందులో అంచుకి వేరే పేక, ఒంటికి వేరే పేక. ప్రతి వరసలోనూ ఆ రెండు పోగులూ కలిసేచోట ఒకదాన్నొకటి మెలేసుకుని వెనక్కి తిరుగుతాయి. ఆ మెలిక సరిగ్గా పడకపోతే అంచు ఒంటి నుంచి విడిపోతుంది. అక్కడ అతుకుని ఏదీ కప్పదు. అతుకే అందం. ఒక అంచు అతుకుని చూపిస్తోంది, ఇంకో అంచు అతుకుని దాస్తోంది. రెంటినీ మనం ‘బోర్డర్’ అనే పిలుస్తున్నాం.

*

రాజమండ్రి కాగితం తయారయ్యే ఊరు. గాలి ఇటు తిరిగిన రోజున పేపర్ మిల్లు వాసన ఊళ్ళోకి వస్తుంది, మాకు అది వాతావరణంలో ఒక భాగం. అయినా నేనెరిగిన పాత ఇళ్ళలో ఎక్కడా గోడకి కాగితం అంటించగా చూడలేదు. దేవుడి పటాలు, క్యాలెండర్లు మేకుకి వేలాడేవి, అంతే. కారణం పక్కనే ఉంది. గోదావరి. డెల్టాలో నీళ్ళు నేలకి మరీ లోతున ఉండవు. ఇటుక గోడ ఆ తడిని దీపం వత్తి నూనెని పీల్చినట్టు కింద నుంచి పైకి పీలుస్తుంది. వానలకి పీల్చింది ఎండలకి వదలాలి. వదిలే దారి మూసేస్తే లోపలే తిరుగుతుంది. తడితోపాటు మట్టిలోని ఉప్పూ పైకొచ్చి, గార వెనక తెల్లగా పూసి, చివరికి పెచ్చులుగా ఊడదీస్తుంది.

పాత ఇళ్ళలో దీనికి విరుగుడు సున్నం. సున్నం పూసిన గోడ తడిని వదిలేస్తుంది. పాడైతే పొడిగా రాలుతుంది, వచ్చే సంక్రాంతికి మళ్ళీ కొడతారు. అడుగున జేగురుతో ఒక ఎర్ర పట్టీ. మా ఇళ్ళలో గోడకి అంచు అంటే అదే. అది చూరు నీళ్ళు చిందించే బురదనీ, చీపురు మరకలనీ, పిల్లల కాలిముద్రలనీ తనలో కలిపేసుకునేది. అంటే అదీ దాచేదే! ఇక్కడే నా వాదన తేలిక కాకుండా పోతోంది. జేగురు పట్టీ బురదని దాస్తే బావుంది, ప్లాస్టిక్ పట్టీ చెమ్మని దాస్తే తప్పు అనడం పాత మీద మోజు తప్ప ఆలోచన కాదు కదా. తేడా ఉంటే అది రంగులో, మన్నులో కాకుండా ఇంకెక్కడో ఉండాలి.

అది ఎక్కడుందో నాకు కొంచెం తెలిసింది మా అమ్మమ్మ గారింట్లో.

వాళ్ళది కోనసీమలో ఒక లంక. 1986 ఆగస్టులో గోదావరి ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులకు పైగా పారింది. నేను పుట్టక ముందు మాట. లంకలు మునిగాయి. నీళ్ళు తీశాక అమ్మమ్మ గారి పెంకుటింటి గోడల మీద ఒక గీత మిగిలింది. గోదావరి ఒండ్రు గీసిన గీత, ఇంటి చుట్టూ, లోపలా బయటా, ఒకే ఎత్తులో. ఏ మేస్త్రీ తాడు పట్టి గీసినా అంత తిన్నగా రాదు. మా తాతయ్య రెండేళ్ళు దాని మీద సున్నం కొట్టించాడు. ఎండగానే పసుప్పచ్చగా మళ్ళీ పైకి తేలేది. మూడో ఏడు విసుగొచ్చి, అడుగున జానెడు ఉండే జేగురు పట్టీని ఆ గీత దాటేదాకా పెంచి పూయించేశాడు.

చిన్నప్పుడు సెలవులకి వెళ్ళినప్పుడు ఆ ఎరుపు నా నెత్తి కంటే ఎత్తున ఉండేది. అందరి ఇళ్ళలోనూ మోకాలి లోపు ఉంటే ఇక్కడెందుకింత అని అడిగాను. అమ్మమ్మ బియ్యం ఏరుతూ తలెత్తకుండానే చెప్పింది: “గోదారి అక్కడిదాకా వచ్చింది నాన్నా.” అంతే, మళ్ళీ చేటలోకి చూసింది.

తాతయ్య ఆ గీతని కప్పాడు. అందులో సందేహం లేదు. కానీ ఆ కప్పడం వల్ల వరద సంగతి తెలియకుండా పోయినవాడు ఒక్కడూ లేడు. పైగా ఆ ఎరుపు వల్లే నాలాంటి తర్వాత పుట్టినవాడికి కూడా తెలిసింది. సున్నంతో గీతని పూర్తిగా చెరిపేయగలిగి ఉంటే నేను అడిగేవాణ్ణే కాదు. గీత మాయమైంది, సంగతి మిగిలింది.

*

ఇప్పుడు రెండో గోడ.

పోయినేడు వానలకి ముందు మేము ఇల్లు మారాల్సి వచ్చింది. నా ఉద్యోగం హైదరాబాద్ కంపెనీలో, పని మాత్రం ఇక్కడ ఇంట్లోంచే. మా పాపకి నాలుగేళ్ళు, చలికాలంలో ఆయాసం వస్తుంది. దుమ్మూ బూజూ లేని గది చూసుకోండి అని డాక్టర్ మళ్ళీ మళ్ళీ చెప్పారు. గోదావరి గట్టుకి దగ్గర్లో ఒక ఇంటి కింది వాటా చూడ్డానికి వెళ్ళాం. ఓనరు రిటైరైన పెద్దాయన, మంచి మనిషి. కాఫీ ఇప్పించారు. పాపకి బిస్కెట్ పెట్టారు.

పడకగదిలో ఒక గోడకి మాత్రం నడుం ఎత్తుదాకా ఇటుకల బొమ్మ ఉన్న ప్లాస్టిక్ షీటు, దాని పైన బంగారు తీగల బోర్డర్. మిగతా మూడు గోడలకీ మామూలు రంగు. మా ఆవిడ అడిగింది: “ఈ ఒక్క గోడకే ఎందుకు వేయించారండీ?”

“ఫీచర్ వాల్ అంటారటమ్మా. మా అబ్బాయి పంపించాడు.”

ఆవిడ అరచేత్తో ఆ షీటు మీద నొక్కింది. లోపల గాలి బుడగ కదిలింది. మూల దగ్గర బోర్డర్ ఒక అంగుళం లేచి ఉంది. ఆ సందులోంచి చూస్తే వెనకాల నల్లగా బూజు, దాని కింద గార తడిసిన పంచదారలా ఉంది.

ఆయన మొహం చిన్నబోయింది. “చెమ్మ లేని ఇల్లు ఏముందమ్మా గోదారి పక్కన! మీకు చూడ్డానికి బావుండాలనే కదా డబ్బులు పెట్టి వేయించాం.”

వచ్చేశాం. దారి పొడుగునా నేను ఆలోచించింది ఆ చివరి మాట గురించే. ఆయన అబద్ధమాడారా? ఎవరూ ఆయన్ని చెమ్మ ఉందా అని అడగలేదు, ఆయన లేదనీ చెప్పలేదు. బావుండాలని వేయించాననడం కూడా నిజమే అయ్యుంటుంది. మనుషులు ఒకే పనిని రెండు ఉద్దేశాలతో చేస్తారు, అందులో మంచిదాన్నే గుర్తుపెట్టుకుంటారు. ఆయన్ని మోసగాడు అనడానికి నాకు నోరు రాలేదు. ఆ గోడ మాత్రం మమ్మల్ని మోసం చేసే గోడే. మోసం చేసే మనిషి లేకుండా మోసం ఉండొచ్చా?

*

మనకి ఈ విషయంలో చిన్నప్పుడే ఒక పాఠం చెప్పేశారు. వేమన మేడిపండు పద్యం బళ్ళో చదవని తెలుగువాడు ఉండడు. ‘పైన పటారం, లోన లొటారం’ అనే సామెత సరేసరి. పైపైన మెరిసేదాన్ని నమ్మొద్దని మన సంస్కారం. కానీ మేడిపండు సంగతి వృక్షశాస్త్రం వేరేలా చెబుతుంది. దాని లోపల పుట్టే చిన్న కందిరీగల జాతి పురుగులే దాని పూలకి పుప్పొడి చేర్చేవి. అవి లోపలికి వెళ్ళకపోతే మేడిచెట్టుకి విత్తనమే లేదు. పండు పైన నున్నగా ఉండటం ఎవర్నీ మోసగించడానికి కాదు. మోసపోయింది దాన్ని కొరకబోయిన మనిషి, తన ఆశతో. ఉపమానం మనుషులకి సరిగ్గానే తగులుతుంది, పండుకే అన్యాయం జరిగింది. లోపలొకటి, బయటొకటి ఉండటమే తప్పైతే మన చర్మం కూడా తప్పే.

ఇదే విషయాన్ని జాన్ రస్కిన్ అనే ఇంగ్లిష్ విమర్శకుడు వాస్తుకళ మీద 1849లో వేసిన ‘ద సెవెన్ ల్యాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’ అనే పుస్తకంలో పట్టుకున్నాడు. కట్టడాల్లో అబద్ధమంటే ఆయనకి ఒళ్ళుమంట. చెక్కకి పాలరాయిలా రంగేయడం లాంటివి నైతికమైన తప్పే అంటాడు. అంత కఠినుడు బంగారు పూత దగ్గర ఒక మినహాయింపు ఇచ్చాడు. కట్టడానికి బంగారు పూత పూస్తే అది మోసం కాదు, ఎందుకంటే అంత గోడా బంగారమని ఎవరూ అనుకోరు. నగకి పూస్తే మోసం, ఎందుకంటే అది బంగారమని అనుకుంటారు. పూత అదే. చూసేవాడి మనసులో ఏం జరుగుతుందన్నదే తేడా.

నాకు ఈ మాట చాలా విలువైనదనిపించింది. ఇటుకల బొమ్మ ఉన్న ప్లాస్టిక్ షీటు చూసి అవి నిజం ఇటుకలని మేము అనుకోలేదు. బంగారు తీగలు బంగారమనీ అనుకోలేదు. ఆ మేరకి ఆ గోడ నిజాయితీగానే ఉంది. మేము అనుకున్నది వేరు: షీటు వెనక గోడ మిగతా మూడు గోడల్లాగే ఉందని. మాకు తెలియాల్సింది అదొక్కటే, తెలియకుండా పోయింది కూడా అదొక్కటే. రస్కిన్ వస్తువు దేనిలా కనబడుతోందని అడిగాడు. దానికి ఇంకొకటి కలపాలి: దాని వెనక ఉన్నది తెలియాల్సినవాళ్ళు ఎవరు? వాళ్ళకి తెలుసా?

ఇది మా సాఫ్ట్‌వేర్ పనిలో రోజూ ఎదురయ్యే విషయమే. లోపల ఏదో విరిగినప్పుడు వాడేవాళ్ళకి పేజీ నిండా ఎర్ర అక్షరాలు చూపించం. ‘కాసేపాగి మళ్ళీ ప్రయత్నించండి’ అని ఒక బొమ్మ పెడతాం. అది మర్యాద. కానీ అదే సమయంలో ఆ తప్పు మొత్తం, ఏ వరసలో ఎన్ని గంటలకి జరిగిందో, లాగ్‌లో రాస్తాం, బాగుచేయాల్సినవాడి ఫోను మోగుతుంది. కొందరు ఆ రెండోది రాయరు. తప్పుని పట్టుకుని, ఏమీ చేయకుండా, ఎక్కడా రాయకుండా మింగేసే నాలుగు వరసల కోడ్ పెడతారు. తెర మీద అంతా బ్రహ్మాండం. ఆర్నెల్ల తర్వాత ఎవరి డబ్బో ఎక్కడికో పోయిందని తేలుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెంటిలోనూ అందమైన బొమ్మే. తెలియాల్సినవాడికి తెలిసిందా లేదా అన్నదొక్కటే తేడా.

కప్పడం వల్ల ప్రాణం మీదికి వచ్చిన సందర్భం వాల్‌పేపర్ చరిత్రలోనే ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆ కాగితాల మీద ఆకుపచ్చ రంగులు చాలా వాటిల్లో ఆర్సెనిక్ ఉండేది. జనం జబ్బుపడుతున్నారని డాక్టర్లు హెచ్చరించారు. తడి గోడ మీద బూజు పడితే ఆ రంగులోంచి విషవాయువు పుడుతుందని 1890ల్లో గోసియో అనే ఇటాలియన్ శాస్త్రవేత్త చూపించాడు. వాల్‌పేపర్ కళకి పెద్ద పేరైన విలియమ్ మోరిస్ కుటుంబానికి ఆస్తి వచ్చింది ఆర్సెనిక్ కూడా తీసే ఒక గని వాటాల నుంచే. ఆయన కొన్నేళ్ళు దాని డైరెక్టరు. డాక్టర్ల భయాన్ని ఆయన కొట్టిపారేశాడు. శ్రమకి విలువ, ఇంటికి అందం అని జీవితమంతా పోరాడిన మనిషి. చెడ్డవాడు కాదు. కానీ ఆ కాగితం పక్కన నిద్రపోయేవాళ్ళకి ఏం తెలియాలన్న ప్రశ్న దగ్గర ఆయన చెవి పనిచేయలేదు. మా పెద్దాయన గుర్తొచ్చారు నాకు.

*

అయితే అలంకారమే వద్దందామా? గోడని గోడలా ఉంచేద్దామా?

ఆ మాట 1910లో వియన్నాలో అడాల్ఫ్ లోస్ అనే ఆర్కిటెక్ట్ గట్టిగా అన్నాడు. ‘అలంకారమూ నేరమూ’ అన్నది ఆయన ఉపన్యాసం పేరు. అందులో ఒక బలమైన వాదన ఉంది. అలంకారం వృథా శ్రమ. నగిషీ చెక్కేవాడు ఎక్కువ గంటలు పనిచేసి తక్కువ సంపాదిస్తాడు. పైగా ఫ్యాషన్ మారగానే వస్తువు అరగకుండానే పారేస్తారు. రెండేళ్ళకోసారి పీకి పారేసే ప్లాస్టిక్ పట్టీలని చూస్తే ఆయన అన్నది ఇవాళ ఇంకా నిజం. కానీ అదే ఉపన్యాసంలో ఒంటి నిండా పచ్చలు పొడిపించుకునే పాపువా మనుషులని నాగరికత మెట్లలో అడుగున కూర్చోబెట్టి, సాదా గోడని పై మెట్టు మీద పెట్టాడు. తన మటుకు తను ప్రాగ్‌లో కట్టిన విల్లా ముల్లర్‌లో చారల పాలరాయిని ధారాళంగా పరిపించాడు. రాతిలో సహజంగా ఉన్న చార నగిషీ కిందికి రాదు కాబట్టి తప్పు లేదు! పాలరాయి కొనగలిగినవాడికి సాదాతనం సులువే. సున్నపు గోడ, అదీ అద్దెది, మాత్రమే ఉన్నవాళ్ళు ఏం చేయాలి?

మా చెల్లెలు మొదటి ఉద్యోగంలో హైదరాబాద్ అమీర్‌పేటలో ఒక లేడీస్ హాస్టల్లో ఉండేది. గదికి నలుగురు. ఆమెకి దక్కింది ఒక మంచం, మంచం పక్కన ఆరడుగుల గోడ. మేకు కొట్టకూడదు, రంగేయకూడదు. మొదటి జీతంతో తను కొన్నవాటిలో ఒకటి నీలం పిట్టల బోర్డర్. మంచం పొడవునా, తలవైపు నుంచి కాళ్ళవైపుకి, ఒక దీర్ఘచతురస్రంలా అంటించుకుంది. ఆ చతురస్రం లోపల ఫోటోలు. “అది నా గది అన్నయ్యా” అంది నాకు వీడియో కాల్లో చూపిస్తూ. గదిలో గది. గీత గీసి ‘ఇక్కడి నుంచి నాది’ అనుకోవడం. ఆ పిట్టల వెనక ఏ చెమ్మా లేదు, ఏ అబద్ధమూ లేదు. అద్దె మనిషికి ప్రపంచంలో దొరికే అతి చౌకైన సొంతం అది. దీన్ని నేరం అన్నవాడితో నేను వాదించను, వాడికి అద్దెకుండే అవసరం ఎప్పుడూ రాలేదనుకుంటాను.

కాబట్టి అలంకారం తప్పు కాదు. కప్పడమూ తప్పు కాదు. మనుషులం కాబట్టి కప్పుకుంటాం. తప్పు ఎక్కడ మొదలవుతుందంటే, కప్పిన దాని భారం మోయబోయేవాడికి కప్పిన సంగతి తెలియనప్పుడు. చెమ్మ భారం పాప ఊపిరితిత్తులది. ఆమె తరఫున అడిగేవాళ్ళకి తెలియాలి. వరద గీత భారం ఆ ఇంట్లో ఉండేవాళ్ళది. వాళ్ళకి తెలుసు. చెల్లెలి పిట్టల భారం ఎవరి మీదా లేదు.

*

ఇదంతా నేను మా అమ్మకి చెప్పాను. ఆవిడ వంటగదిలో గట్టు పైన టమాటాల బోర్డర్ అంటించుకుని చాలా కాలమైంది, అది ఆవిడకి ఇష్టం. నేను సున్నం గొప్పదనం చెప్పడం మొదలుపెట్టాను. ఏటా గోడని తాకేవాళ్ళు, చెద పట్టిందో, బీట తీసిందో, తడెక్కిందో చేతికి తెలిసేది, జేగురు పట్టీ అంటే ఒక రకంగా ఏడాదికోసారి గోడకి వైద్యపరీక్ష, ప్లాస్టిక్ పట్టీ ఒకసారి అంటిస్తే ఇక గోడతో మాటలుండవు, ఇలా.

అమ్మ చివరిదాకా విని, “ఏడాదికోసారి తాకేది ఎవర్రా?” అంది.

నేను మాట్లాడలేదు.

“సంక్రాంతికి నాలుగు రోజుల ముందు నుంచి సామాన్లన్నీ అరుగు మీదికి మొయ్యడం, సున్నం నానబెట్టడం, అది కళ్ళల్లో పడ్డం, చేతులు పగలడం, జేగురు కలపడం, మళ్ళీ అన్నీ లోపల సర్దడం. మీ తాతయ్య పూయించాడు, పూయించాడు అంటున్నావు. పూసిందెవరో అడిగావా? మేం అక్కచెల్లెళ్ళం. ఈ టమాటాలు తడిగుడ్డ పెట్టి తుడిస్తే పోతుంది. నీకంత ఇష్టమైతే ఈ సంక్రాంతికి సున్నం నువ్వు కొట్టు.”

దీనికి నా దగ్గర జవాబు లేదు, ఉందని నటించను. పాత అంచులో నేను చూసిన శ్రద్ధ నిజమే. కానీ ఆ శ్రద్ధకి ఖర్చయింది ఆడవాళ్ళ చేతుల చర్మం. ఆ సంగతిని ఇన్నాళ్ళూ ‘సంప్రదాయం’ అనే మాట చక్కగా కప్పింది. ఎర్రమన్ను మీద ఇంకో పూత అది. తెలియాల్సినవాడికి తెలుసా అన్న ప్రశ్న ప్లాస్టిక్‌ని అడిగినంత సూటిగా జేగురునీ అడగాలి. ఈ అందం వెనక ఎవరి నడుం ఉంది? అమ్మ టమాటాల బోర్డర్‌కి కూడా సమాధానం చెప్పుకోవాల్సినవి ఉన్నాయి. ఆ ప్లాస్టిక్ ఎక్కడో ఫ్యాక్టరీలో ఎవరో పీల్చిన రంగు వాసనలోంచి వచ్చింది, రేపు ఎక్కడో చెత్తకుప్పలో పడుతుంది. ఏ అంచూ పూర్తిగా అమాయకం కాదు.

అందుకని సున్నానికి తిరిగి పోదామని నేను అనను. పోలేం కూడా. సిమెంటు గార, లప్పం, ఎమల్షన్ వచ్చాక గోడ స్వభావమే మారిపోయింది. కానీ పాత అలవాటులోంచి ఒక్కటి విడదీసి తెచ్చుకోవచ్చనుకుంటాను: గోడని అప్పుడప్పుడూ తాకడం. దానికి నాలుగు రోజుల చాకిరీ అక్కర్లేదు. అరచెయ్యి చాలు. ఆ చెయ్యి మగవాడిదైనా ఏమీ కాదు. ఏదైనా అంటించే ముందు గోడ పొడిగా ఉందో లేదో చూడటం, తడిగా ఉంటే కారణం వెతకడం, అంటించాక కూడా ఏడాదికోసారి ఒక మూల ఎత్తి చూడటం. ఇల్లు అద్దెకిచ్చేవాళ్ళైతే ఒక్క వాక్యం చెప్పడం. ఆ వాక్యం బంగారు తీగల బోర్డర్ కంటే చౌక.

అలాంటి వాక్యం మాకు ఆఖరికి దానవాయిపేటలో దొరికింది. మేడ మీద వాటా. ఓనరు గారు తలుపు తీస్తూనే కిటికీ పక్క మూల చూపించి, “వానాకాలం ఇక్కడ కొంచెం చెమ్మొస్తుందమ్మా, పైన పారాపెట్ నీళ్ళు దిగుతాయి. పాప మంచం అటు వెయ్యకండి, దసరా లోపు బాగుచేయిస్తాను” అంది. గోడ మీద మరక అలాగే ఉంది, ఏమీ కప్పలేదు. చూడ్డానికి ఏమీ బాలేదు. వెంటనే అడ్వాన్స్ ఇచ్చేశాం.

పాపకి చేపల బోర్డర్ కావాలంది. తెచ్చి, ముందు గోడంతా తడిమి చూసి, గది చుట్టూ అంటించాం. ఆ మూలకి ఒక మూరెడు ఇవతలే కోసి ఆపేశాం. చేపల వరస అక్కడ తెగిపోయి ఉంటుంది. వచ్చినవాళ్ళు పట్టీ సరిపోలేదా అని అడుగుతారు. చుట్టాలు మరీ మర్యాదస్తులైతే మా ఆవిడ ఆ మూలకి ఒక స్టూలు జరిపి పూలకుండీ పెడుతుంది. వాళ్ళకి తెలియనవసరం లేదు, ఆ గదిలో పడుకునేది వాళ్ళు కాదు. వాళ్ళు వెళ్ళాక స్టూలు మళ్ళీ పక్కకి జరుగుతుంది.